మొదటి సీనులో చచ్చే మనిషి

మా స్టీలు సామాన్ల అంగట్లో మధ్యాహ్నం బేరాలు తక్కువ. ఆ వేళ షట్టరు సగం దించి, ఫోను బిందెల వరుసకు ఆనించి వీడియోలు తీస్తాను. మా సీమ మీద వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలను నవ్విస్తూ విప్పి చెప్పడం నా సరదా. పదో తరగతితో బడి మానేసినదాన్ని. జానపదమైనా, నాటకమైనా నాకు తెలిసిందంతా కల్లూరులో మా పేట గ్రంథాలయంలో కూర్చుని సంపాదించుకున్నదే. ఆ గర్వం నా మాటల్లో వినబడుతుంది. దాచను.

ఒకసారి ఒక మనిషి మీదే పద్దెనిమిది నిమిషాల వీడియో పెట్టాను. మూడు పాత సినిమాల్లో అదే మనిషి, అదే పచ్చగీతల చొక్కా. హీరో రాకముందే నాటుబాంబు పొగలో ఒక్క నెత్తుటి చుక్క లేకుండా చస్తాడు. వేటకొడవలిని ప్రతిసారీ ఒంటికి దూరంగా, చచ్చిన ఎలుకను తోకతో ఎత్తినట్టు పట్టుకుంటాడు. నాలుగు పుస్తకాలు తిరగేసి, చంపడం ఇష్టంలేని సీమ మనసుకు అది గుర్తని తేల్చాను. శవం రెప్ప కొట్టిన చోట ఆపి, “ఈయప్పకు చచ్చేది గూడా చాతకాలే” అన్నాను. చూసినవాళ్లు తెగ నవ్వారు.

మూడో రోజు వీడియో కింద ఎవరో రాశారు: “అక్కా, ఈయన మన లైబ్రరీ సారు గదా!”

మనసులోనే ఆ ముఖానికి మీసం తీసేసి, కళ్లద్దాలు పెట్టి చూశాను. ఆయనే. ఒక్కొక్కరికి రెండు పుస్తకాలే ఇవ్వాలన్నది అక్కడి నియమం. నాకు మాత్రం ఏళ్ల తరబడి మూడో పుస్తకం తన కార్డు మీద రాసి ఇచ్చిన మనిషి. వెంటనే వీడియో తీసేశాను. కానీ అప్పటికే ఊళ్లో ఫోన్లన్నీ తిరిగేసింది. ఇక ఏ ముఖంతో ఆ గడప తొక్కడం? నా దగ్గరున్న మూడు పుస్తకాలకూ గడువు దాటింది.

“పోయి కనపడు. తిడితే తిట్టించుకో. ఈడ బిందెలకు చెప్పుకుంటే ఏమొస్తాది?” అన్నాడు మా ఆయన.

వెళ్లాను. సారు తల ఎత్తకుండా తేదీ ముద్రలు వేసుకుంటున్నారు.

“ఏమ్మా, శవాన్ని చూసేకి వచ్చినావా?”

“తప్పయిపోయింది సార్. తీసేసినా.”

“తీసేసినావా! మా కోడలికి చూపిద్దామని నేను వెతుకుతాండా. అయినా నేను చచ్చింది నాలుగు సినిమాల్లో. నువ్వు మూడే చెప్పినావు. ఇంత చదివి ఒక చావు ఇడిసిపెడితివే!”

బెంచీ మీద పేపర్లు చదివే పెద్దలంతా నవ్వారు. తెచ్చిన పుస్తకాలు బల్ల మీద పెట్టాను.

“మరి ఆ కొడవలి సార్?” అన్నాను.

“అది చెక్కది. ఎర్ర రంగు పూసి తడి ఆరకముందే చేతికిచ్చేవాళ్లు. బట్టలు మీవే తెచ్చుకోండి అనిరి. నాకుండేది ఆ ఒక్క మంచి చొక్కా. కత్తి చావులు వద్దు, బాంబు చావే ఇయ్యండని అడిగేవాణ్ణి. మరక పడితే ఇంట్లో నిజంగా చంపుతారు గదా!”

“అయితే సీమ మనసు?”

“యాడిదమ్మా సీమ మనసు! రెప్ప మాత్రం కొట్టినాలే. దుమ్ము పడె.”

వీడియో మళ్లీ పెట్టమన్నారు, నాలుగో చావు కలిపి. నా పాత పుస్తకాలు మూడూ తీసుకుని కొత్తవి ముందుకు జరిపారు. రెండు నా కార్డు మీద రాశారు. మూడోదానికి సొరుగు తీసి తన కార్డు బయటపెట్టారు.