మా స్కూలు బ్యాండులో పెద్ద డ్రమ్ము

స్కూలు బ్యాండంటే పిల్లలు వాయించడం, తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడం అనుకునే అదృష్టవంతులకు ఆ రోజుల సంగతి చెప్పినా నమ్మరు. సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో మా ఇండియన్ స్కూలు ఆడపిల్లల విభాగంలో మగవాళ్ళకు గేటు దాటి ప్రవేశం లేదు. కాబట్టి మా బ్యాండును ఏ తండ్రీ కళ్ళారా చూసిన పాపాన పోలేదు. ఆడవాళ్ళు కారు నడపకూడదు కనక, గురువారం సెలవు రోజున పొద్దున్నే మమ్మల్ని ప్రాక్టీసుకు దింపవలసింది మాత్రం తండ్రులే. దింపి, గోడ నీడ ఎటు జరిగితే అటు కార్లు జరుపుకుంటూ రెండు గంటలు పడిగాపులు కాసేవారు. తల్లులు యూనిఫాం కుట్టాలి, తెల్ల మేజోళ్ళు తెల్లగానే ఉంచాలి, వాయిద్యం ఇంటికొస్తే దానికీ చాకిరీ చెయ్యాలి. పైగా చప్పుడు వీధిలోకి పోకూడదని హెడ్మిస్ట్రెస్ గారి ఆజ్ఞ. (స్పోర్ట్స్ డే ఒక్కరోజు మాత్రం గట్టిగా వాయించుకోవచ్చు.)

నేను తొమ్మిదో తరగతి. క్లాసులో అందరికంటే పొడుగు. ఆ ఒక్క అర్హత చూసి మా బ్యాండు టీచరు పెద్ద డ్రమ్ము నా మెడకు తగిలించారు. ఆవిడ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది కనక మేము విజిల్ మిస్ అనుకునేవాళ్ళం. నాకు తాళజ్ఞానం లేదని మొదటి వారమే తేలిపోయింది. పెద్ద డ్రమ్ము దెబ్బను బట్టే అందరూ అడుగు వేస్తారు. నాలుగో దెబ్బ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగేది. పాతిక మంది ఆడపిల్లల ఎడమ కాళ్ళు గాల్లో నిలబడేవి. "నీ కాలు స్కూలుకు వెళ్తోంది, చెయ్యి ఇంటికి పోతోంది" అన్నారు మిస్ ఒకరోజు ఇంగ్లీషులో, కోపం కూడా అయిపోయిన గొంతుతో. ఇంటికి తీసుకెళ్ళి సాధన చెయ్యమన్నారు. నాన్న దాన్ని దుప్పటిలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టారు. "స్కూలు సొత్తు. గీత పడిందంటే మన పరువు పోతుంది" అన్నారు.

ఆ వారమే ఇరాక్‌తో గల్ఫ్ యుద్ధం మొదలైంది. స్కూళ్ళు మూసేశారు. విషవాయువు వదులుతారేమోనని నాన్న కంపెనీవాళ్ళు ముఖానికి తగిలించుకునే మాస్కులిచ్చారు. అందరిలాగే మేమూ ఒక గదికి ప్లాస్టిక్ షీట్లు అంటించి, సందుల్లో టేపు వేసి, సైరన్ మోగినప్పుడల్లా ముగ్గురం అందులోకి దూరేవాళ్ళం. ముగ్గురం కాదు, డ్రమ్ముతో నలుగురం. కాళ్ళు చాపుకునే చోటు లేదు.

"మనం పోయినా ఇది మిగలాలా?" అంది అమ్మ మాస్కులోంచి.

"మనం పోతే ఎవరూ అడగరు. మిగిలితే అడుగుతారు" అన్నారు నాన్న.

నేను ఆ డ్రమ్మును చూస్తూ కూర్చునేదాన్ని. పైనుంచి ఏం పడుతుందోనని ఊరంతా వణుకుతుంటే, నా దిగులల్లా యుద్ధం ఆగిపోతే స్పోర్ట్స్ డే జరుగుతుందేమోనని. సిగ్గు విడిచి చెబుతున్నాను, మనుషులెవరూ లేనప్పుడు స్కూలు మైదానంలో చిన్నదొకటి పడితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను కూడా. ఆ మొక్కు ఆయన విననందుకు ఇప్పుడు కృతజ్ఞురాలినే.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి డ్రమ్ము బయటికి తీసి, బలంగా ఓ పది దెబ్బలు వేశాను. గంట తర్వాత మేడ మీది హైదరాబాదు ఆంటీ మాస్కుతోనే మెట్లు దిగి వచ్చింది. "ఏం పడ్డది బేటీ, మీకేమన్న తెల్సిందా? పిల్లల్ని పట్టుకొని గదిల కూసున్నం. అల్లాకు అన్నీ చెప్పుకున్నం" అంది. అమ్మ నా వైపు చూపించింది. ఆంటీ మాస్కు తీసి, నన్నూ డ్రమ్మునూ మార్చి మార్చి చూసి, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి నా సాధన దిండు మీదికి మారింది. దిండు చప్పుడు చెయ్యదు. నాలుగో దెబ్బ సమయానికి పడుతోందో లేదో ఇంట్లోవాళ్ళకే కాదు, నాకూ తెలిసేది కాదు.

యుద్ధం ముగిసింది, స్కూలు తెరిచారు. చాలా కుటుంబాలు ఇండియా వెళ్ళి తిరిగి రాలేదు. పాతిక మంది బ్యాండులో పద్నాలుగు మందిమి మిగిలాం. పెద్ద డ్రమ్ము మోయగల ఒడ్డూ పొడుగూ నాకొక్కదానికే ఉన్నాయి. దిండు మీద నేర్చిన విద్య మిస్‌కు ప్రదర్శించాను. ఆవిడ కాసేపు విని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. తర్వాత ఎనిమిదో తరగతి పిల్లనొకదాన్ని పిలిచారు. ఆ పిల్ల చేతిలో తాళం గడియారంలా నడుస్తుంది. కానీ డ్రమ్ము తగిలిస్తే మోకాళ్ళకు తగిలి ముందుకు తూలుతుంది.

"నువ్వు మొయ్యి. తను పక్కన నడుస్తూ కొడుతుంది" అన్నారు నాతో.

"మరి నేనేం చెయ్యాలి మిస్?"

"నడువు. అది కూడా జాగ్రత్తగా."

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. స్పోర్ట్స్ డే నాడు అమ్మ లోపల తల్లులతో కూర్చుంది, నాన్న బయట తండ్రులతో నిలబడ్డారు. మైదానం చుట్టూ మూడు సార్లు తిరిగాం. పక్కనున్న పిల్ల ఒక్క దెబ్బా తప్పలేదు. నా బాధంతా చేతులతోనే. ఊపితే డ్రమ్ముకు తగులుతాయి, కట్టుకుంటే శిక్ష పడ్డట్టుంటుంది. చివరికి డ్రమ్ము అంచు పట్టుకుని, పెళ్ళిలో బిందె మోసే పేరంటాలిలా నడిచాను. తల్లుల్లో ఎవరో కిసుక్కున నవ్వడం వినబడింది. అమ్మ నవ్వలేదు.

కారెక్కగానే నాన్న వెనక్కి తిరిగారు. "గోడ అదిరిపోయిందనుకో. అక్కడున్న వాళ్ళందరికీ చెప్పాను, ఆ పెద్ద డ్రమ్ము మా అమ్మాయిదేనని."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పైన వేసుకున్న నల్ల అబాయా సర్దుకుంటూ, "అంత ఎండలో మూడు రౌండ్లూ మోసింది ఇదేనండీ" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మర్నాడు శుక్రవారం భోజనాల దగ్గర మొత్తం చెప్పేశాను. నాన్న మజ్జిగ కలుపుకుంటూ విన్నారు.

"తెలుసమ్మలూ. నువ్వు కొడితే నాకు తెలీదా? అంత చక్కగా ఉంటే నువ్వు కాదని అప్పుడే అనుకున్నాను" అన్నారు.

"మరి వాళ్ళందరికీ ఎందుకలా చెప్పారు?"

"బయట నిలబడ్డవాడికి ఏం కనబడుతుంది? ప్రతివాడూ వినబడిన ముక్క తన పిల్లదే అంటున్నాడు. నేనొక్కణ్ణీ ఊరుకుంటే బాగుంటుందా?"

ఇప్పుడు తలుచుకుంటే ఆయన్ని కూర్చోబెట్టి ఇంకో గరిటె అన్నం వడ్డించాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం కన్నతండ్రికి కూడా నా మీద నమ్మకం లేదని కంచం వదిలేసి, గదిలోకి పోయి తలుపేసుకున్నాను. పద్నాలుగేళ్ళకే బతుకు ముగిసిపోయిందనీ, ఇక ఈ జన్మలో ఎవరితోనూ మాట్లాడననీ గట్టిగా తీర్మానించుకుంది ఆ పొడుగాటి పిల్ల. సాయంత్రం అమ్మ పెసరట్లు వేసేదాకా ఆ మాట మీదే నిలబడింది.