మగ్గమెక్కని పడుగు

నకిరేకల్ దాటిన బస్సులో నేనొక ఫిజిక్స్ విద్యార్థి చొక్కా పట్టుకున్నాను. విశ్వమంతా సన్నని తీగల కంపనమేనని, ఆ స్ట్రింగ్ సిద్ధాంతమే సమస్తానికీ సమాధానమని అతడు వాదించాడు. ఇన్నేళ్లుగా ఒక్క ప్రయోగానికీ అందని మాట బాబాల విభూతితో సమానమన్నాను.

"మీకు లెక్కలు రావు సార్, నోరే వచ్చు" అన్నాడు. కొట్టబోయాను.

పక్క సీటులోని నేతకారుడు మధ్యలోకి దూకాడు. ఒళ్లోని మూట జారి మా చెప్పుల కింద నలిగింది. అందులో నేతలో బొమ్మ తేలేలా ముడులు వేసి రంగులద్దిన పట్టు పడుగు, నిలువు దారాల కట్ట, ఉంది. నేతకారుడు నా చెంప పగలగొట్టాడు.

"రెండు నెలల కష్టం సారూ! మగ్గమెక్కేదాక బొమ్మ కలుస్తదో లేదో నాకే తెల్వది. గిది గూడ విభూతేనా?"

"కలవకపోతే?" అన్నాను.

"నా కత్తితోనే కోసి పారేస్త. ఎక్కకముందే కోసుడేంది?" అని విద్యార్థి వైపు తిరిగాడు. "నీ తీగలు కలవకుంటే నువ్వు కోస్తవా తమ్మీ?"

విద్యార్థి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ సిద్ధాంతాన్ని పాతిపెట్టాలని రాసిన వ్యాసం నా సంచిలోనే ఉంది. నల్లగొండలో దిగి, మండుతున్న చెంపతోనే, అది చచ్చిందన్న చివరి వాక్యం కొట్టేశాను. దాని చోట, ఈ సిద్ధాంతాన్ని మగ్గమెక్కించేది ఎన్నడని మాత్రం రాసి అడిగాను.