నేను ఏరిన విత్తనాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పామిడిలోని ఒక డీటీపీ సెంటర్లో టైపింగ్ చేసేదాన్ని. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పేదాన్ని కాదు. కళ్ళు మండేవి, అన్నీ మసకగా కనిపించేవి. ఇంట్లో తెలిస్తే పని మానిపిస్తారని చెప్పలేదు.

ఆ ఏడు తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ విత్తనానికి వేరుశనగ గింజలు ఏరుతున్నాం. అవ్వ ఒక్కో చేట అవగానే తలెత్తి దూరంగా ఉన్న కొండను చూసేది.

"నువ్వూ ఒగ గడియ కొండ దిక్కు చూడు పాపా, కండ్లకు సల్లగుంటాది" అంది.

"నీ మాదిరి చూస్తాంటే ఎప్పటికి అయితాది అవ్వా?" అని నవ్వి, అందరికన్నా ముందు నా మూట ముగించాను. బూజు పట్టిన గింజలు, పుచ్చు గింజలు నా కళ్ళకు ఆనలేదు.

వాన పడింది, విత్తారు. వారం దాటాక చేనంతా మొలిచింది. నా మూటలోని గింజలు వేసిన తూర్పు సాళ్ళలో మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. మళ్ళీ విత్తుదామంటే గింజలూ లేవు, వానా రాలేదు.

నాయన గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. "ఈ పక్క వాన సరిగా పడల్యా పాపా. నీదేం తప్పు లేదు" అన్నాడు.

ఇప్పుడు పేజీ పేజీకీ తలెత్తి కిటికీలోంచి దూరంగా చూస్తాను. చూసినప్పుడల్లా నాయన మాటే గుర్తొస్తుంది. విత్తడానికి ముందు పడిన ఆ వానకు ఆయనా నేనూ ఆ తూర్పు పక్కనే నిలువునా తడిశాం.