ప్రాగ్ కిటికీకి పది మార్కులు

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికని వచ్చిన పరాయిదేశపు బ్లాక్‌టౌన్‌లో ఉన్నానా, ప్రాగ్‌లో ఉన్నానా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగేవాణ్ని కాదు. కాంట్రాక్టు ఉద్యోగం ముగిసింది, మరొకటి దొరకలేదు. పగలంతా లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాణ్ని. అక్కడే ఒకనాడు ఇటుకంత లావు పుస్తకం చేతికి తగిలింది. చెక్ దేశపు చరిత్రకు మూలపత్రాలు, ఇంగ్లీషు అనువాదంలో. రాజుల ఆజ్ఞలు, మతగురువుల ఉత్తరాలు, ఊరి పెద్దల ఫిర్యాదులు. మధ్యలో విడమరిచి చెప్పే పండితుడెవరూ లేడు. వందల ఏళ్ల కిందటి మనిషి నేరుగా నా చెవిలో మాట్లాడుతున్నట్టుండేది. చదువుతూ తల ఎత్తితే, దూరంగా కదిలే రైలు కూడా ఏదో నది మీది పడవలా కనిపించేది. (ఉద్యోగం లేనివాడికి ఇలాంటివి బాగా కనిపిస్తాయి.)

ఆ పుస్తకంలో నాకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. మతం గొడవలో కోపమొచ్చిన ప్రభువులు చక్రవర్తి అధికారులిద్దర్నీ, వాళ్ల గుమాస్తానీ ప్రాగ్ కోట కిటికీలోంచి బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు. దేవతలు పట్టుకుని మెల్లగా దించారని ఒక పక్షం రాసుకుంది. పేడకుప్ప మీద పడ్డారని రెండో పక్షం రాసుకుంది. ఇంటర్‌లో గైడ్లు బట్టీపట్టి పాసైనవాణ్ని, ఒక ప్రశ్నకు రెండు జవాబులుంటే నాకు నిద్రెలా పడుతుంది? పెన్సిల్ తీశాను. దేవతల పేరాకి అడ్డంగా ఇంటూ కొట్టి ‘రాంగ్’ అని రాశాను. పేడకుప్ప పక్కన ‘వెరీ ఇంపార్టెంట్, టెన్ మార్క్స్’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ ఊపులో పుస్తకమంతా అలాగే దిద్దేశాను.

మా రూమ్మేటు (అందరికీ బావే, ఎవరికీ చుట్టం కాదు) ఇంటికి తెచ్చిన పుస్తకం చూసి గుండె పట్టుకున్నాడు. “ఒరేయ్, అది లైబ్రరీ బుక్‌రా! కార్డు పీకేస్తారు. ఉద్యోగం ఎలాగూ లేదు, పగలెక్కడ కూర్చుంటావ్, నా నెత్తి మీదా?”

“నా తర్వాత చదివేవాళ్లకి హెల్ప్ కదా బావా,” అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం (అక్కడివాళ్ల మాటలో ‘ఆర్వో’) లైబ్రరీలో చరిత్ర బృందం కూర్చునేది. ఏడెనిమిది మంది, టీ, బిస్కట్లు. అందులో ప్రాగ్‌లో పుట్టిన ఒక పెద్దావిడ ఉండేది. నేను మనసులో ప్రాగ్ ఆంటీ అని పిలుచుకునేవాణ్ని. ఆ వారం కిటికీ గురించి నేను మాట్లాడాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు కథనాలూ పుస్తకం చూడకుండా గడగడా అప్పజెప్పాను. “టెరిఫిక్, మేట్!” అంది లైబ్రేరియన్. ఆ ఉత్సాహంలో, అందరికీ అసలు పేజీ చూపిద్దామని అరలోంచి పుస్తకం తీసి, తెర మీద పెద్దగా చూపించే కెమెరా కింద పెట్టింది.

గోడంత తెర మీద నా ఇంటూ మార్కు కనబడింది. ఒక్కో గీత తాడంత లావు.

లైబ్రేరియన్ పేజీ తిప్పింది. ‘ఫైవ్ మార్క్స్’. ఇంకో పేజీ. ‘షార్ట్ నోట్’. “ఎవరిదీ పని?” అంది. జేబులో కార్డు మీద చెయ్యి వేసుకున్నాను. బావ మొహం, ఇక పగలంతా కూర్చోవాల్సిన ఇంట్లో ఖాళీ సోఫా కళ్లముందు మెదిలాయి. “నాదే,” అన్నాను.

ప్రాగ్ ఆంటీ కళ్లజోడు సర్దుకుని తెరకేసి చూసింది. “చిన్నప్పుడు స్కూల్లో నేను దేవతలనే రాశాను. మా అమ్మ అలాగే చెప్పింది మరి. మా మాస్టారు సున్నా వేశాడు. ఇంత దూరం వస్తే, నువ్వూ సున్నాయే వేశావా?” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వుకి నా చెవులు కాలిపోయాయి. “సారీ ఆంటీ,” అన్నాను. “సారీ సరే. దేవతలని రాసినవాడికి ఏం కావాలో, పేడని రాసినవాడికి ఏం కావాలో అడిగావా వాళ్లని?” అంది. అడగలేదు. మార్కులెన్నో మాత్రమే చూశాను.

లైబ్రేరియన్ కార్డు అడగలేదు. డెస్కు వెనక సొరుగులోంచి రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది. “మొదటి పేజీ నుంచి. ఇక్కడే కూర్చుని.” మూడు రోజులు పట్టింది. చెరపాలంటే చదవాలి కదా, ఈసారి ప్రతి కాగితాన్నీ నెమ్మదిగా, నీకేం కావాలి నాయనా అని అడుగుతూ చదివాను. ప్రాగ్ ఆంటీ రోజూ వచ్చి ఎదుట కూర్చుని, రబ్బరు పొట్టు ఊదేది.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అక్కడికి కాస్త దూరంలో రౌస్ హిల్‌లో ఉంటున్నాం. మొన్న బ్లాక్‌టౌన్ పక్కకి వెళ్తే, పాత లైబ్రరీలో ఆగాను. ఆ పుస్తకం ఇంకా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ పేజీని వెలుగుకి ఏటవాలుగా పట్టుకున్నాను. పెన్సిల్ సీసం పోయింది గానీ, గాడి పోలేదు. దేవతల మీద ఇంటూ, పేడ కింద రెండు గీతలు. వేలితో తడిమితే తెలుస్తున్నాయి. ఎంత బలంగా నొక్కాడో ఆ కుర్రాడు! దేన్నైనా అంత నమ్మకంగా నొక్కి రాయడం ఇప్పుడు నాకు చేతకాదు.