అంబాసిడర్ నేల

మా ఆయన రుద్రవరం బడిలో పని చేసేటప్పుడు కొన్న అంబాసిడర్ కారు మా ఇంట్లో నాకంటే మర్యాదగా బతికింది. ఆదివారం ఆళ్లగడ్డ చర్చికి మాసిన బండిలో పోకూడదని ప్రతి శనివారం సాయంత్రం దానికి తలంటు. బయట కడిగితే చాలదట, తలుపులు తీసి లోపల కూడా బకెట్లతో కుమ్మరించేవాడు. ఆ నీళ్లు మ్యాట్ కిందికి పోయి అక్కడే నిలిచేవి. దేవుడు చూసేది మనసును గానీ మడ్‌గార్డును కాదు కదా అంటే, నీకు శుభ్రం తెలీదనేవాడు. ఇరవై ఏళ్లు శుభ్రంగా తుప్పు పట్టించాడు.

అమ్మాయికి పెళ్లి కుదిరింది, నంద్యాల చర్చిలో. పెళ్లికూతురు ఆ బండిలోనే వచ్చి దిగాలని ఆయన పట్టు. మిగిలినవన్నీ మీ ఇష్టమన్నాడు.

నంద్యాలలో టింకరింగ్ చేసే పెద్ద సాయిబు సుత్తితో బండి చుట్టూ తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల ఖంగుమంది, చాలాచోట్ల బద్దుమంది. "ఇది ఇనుము కాదు సార్, లప్పం" అన్నాడు. ఇంతకుముందు బాగుచేసిన మహానుభావుడు చిల్లులకు లప్పం పూసి రంగు కొట్టి పంపాడన్నమాట. పైన పటారం, లోన లొటారం. గీకేకొద్దీ కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు వేలంత చిల్లు చేటంత అయింది. కుళ్లింది కోయాలి, కొత్త రేకు కొలిచి వంచాలి, అతకాలి, అరగదీయాలి. ఒక్క తలుపుకే వారం పట్టింది. ఖర్చు బండి కొన్న ధరను ఎప్పుడో దాటింది. ఆయనేమో రోజూ పోయి, ఆస్పత్రిలో బాలింతను పలకరించినట్టు దాన్ని చూసి వచ్చేవాడు.

పెళ్లి పది రోజులుందనగా ఆయన పత్రికలు పంచడానికి ప్యాపిలి పోతే షాపుకు నేను పోయాను. సాయిబు వెనక సీటు ముందర మ్యాట్ లేపి చూపించాడు.

"నేల పోయిందమ్మా. కోసి రేకు వెయ్యాల. ఇంకో వారం పడ్తాది, దుడ్లు గూడా ఎక్కువైతాయి."

నాకు ఒళ్లు మండింది. "నేల ఎవరు చూస్తారప్పా? లప్పం పూసి పంపు."

"చూడరు గానీ కాలు పెడ్తారు గదమ్మా. సార్‌ను ఒక మాట అడుగుతా."

"సార్‌కు నేను చెప్తాలే" అన్నాను. చెప్పలేదు.

పెళ్లిరోజు చర్చి ముందర బండి ఆగింది. అమ్మాయి దిగబోతూ కుడికాలి మీద బరువు వేసింది. పటుక్కున ఎత్తుమడమ చెప్పు బండి నేలలోకి దిగబడింది. తెల్లచీర అంచు చిరిగి తుప్పు మరక అంటింది. చుట్టాలు కాసేపు నవ్వు ఆపుకున్నారు, తర్వాత ఆపుకోలేదు. మా ఆయన కొత్త సూటుతో మోకాళ్ల మీద కూర్చుని చెప్పు లాగుతూ "తప్పయిపాయ తల్లీ" అంటున్నాడు. అమ్మాయి "ఏం కాలేదులే నాయనా" అని రెండో చెప్పు కూడా విప్పేసి వట్టికాళ్లతో లోపలికి నడిచింది. ఇన్నేళ్లూ ఆ బండిని చూసి నవ్విన నాకు ఆ పొద్దు తల ఎత్తబుద్ధి కాలేదు.

మరుసటి రోజు ఆయన పొద్దున్నే చొక్కా వేసుకుంటున్నాడు.

"యాడికి?"

"నంద్యాలకు. ఆ సాయిబును అడగాల, నమ్మినోళ్లకు ఇట్ల చేస్తారా అని."

"ఆయన్నేం అడగొద్దు. రేకు వద్దు, లప్పం పుయ్యమన్నది నేనే."

గుండీ మీద చెయ్యి ఆగింది. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండేది.

"నాకొక మాట చెప్పింటే," అన్నాడు, "బాడుగ కారే తెచ్చింటి గదా."