కూర్మయ్య మాస్టారి పొదుపు

గజపతినగరం నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఆ ఊరి శాఖా గ్రంథాలయాన్ని కూర్మయ్య ఇరవై తొమ్మిదేళ్లు కాపాడాడు. ఎవరి నుంచి కాపాడాడంటే, ముఖ్యంగా పాఠకుల నుంచి. ఆయన హయాంలో ఒక్క పుస్తకమూ పోలేదు. బీరువా తాళాలు మొలతాడుకి వేలాడుతుంటే ఎలా పోతాయి? అడిగినవాడి మొహం చూసి, చేతులు చూసి, తడి లేదని తేలాకనే పుస్తకం బయటికి వచ్చేది. ఈ ఘనతకు జిల్లా ఆఫీసువారు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. కూర్మయ్య దానికి అద్దం కట్టించి, దుమ్ము పడకుండా అదే బీరువాలో దాచాడు.

ఇటువంటి మనిషి చేతికి 2015లో ఇంటర్నెట్టు వచ్చింది.

గ్రంథాలయాలకు సగం ధరకే నెట్టు ఇవ్వాలని ప్రభుత్వం తలచింది. తలచాక రెండేళ్లకు కంప్యూటరు దిగింది, మూడు నెలలకు తీగ వచ్చింది. అంతవరకూ ఊరి పిల్లలు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా గజపతినగరం నెట్ సెంటరుకి పోవలసిందే. ఆ తిప్పలు తీరతాయని అందరికన్నా ఎక్కువ సంతోషించినవాడు కూర్మయ్యే. తీగ కోసం జిల్లా ఆఫీసు మెట్లు తొమ్మిదిసార్లు ఎక్కిదిగాడు. ఆ సంగతి ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది.

కాని ఉత్తర్వులో ఒక వాక్యం ఆయన గుండెలో నాటుకుంది: రాయితీ సదుపాయాన్ని దుర్వినియోగం చేయరాదు. దుర్వినియోగం ఎక్కడ మొదలవుతుందో ఉత్తర్వు చెప్పలేదు. వినియోగం దగ్గరే ఆపేస్తే ప్రమాదం ఉండదని కూర్మయ్య తేల్చుకున్నాడు. మనిషికి పదిహేను నిమిషాలు, అట్టముక్క మీద నంబరు. ఎవరూ లేనప్పుడు మోడెం కట్టేసి, కంప్యూటరు మీద వాళ్లావిడ పాత జరీచీర ముక్క కప్పేవాడు. పేపరు చదవడానికి వచ్చిన రైతులు ఆ ముసుగు కేసి భక్తిగా చూసి వెళ్లేవారు. "పుస్తకాలు దాసినట్టే ఇదీ దాసీసినాడు. ముసుగు తియ్యడానికి ముహూర్తం ఎట్టాలేటి?" అని, ఎదురుగా ఇడ్లీలు వేసే దేముడమ్మ నలుగురిలో అనేసింది. కూర్మయ్య దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టాడు.

ముసుగు తీయమని రోజూ అడిగేది దేముడమ్మ కూతురు రాజకుమారి ఒక్కతే. డిగ్రీ అయింది, కానిస్టేబుల్ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుంది, వయసు అర్హత ఆ ఏటితో సరి. దరఖాస్తుకి శుక్రవారం ఆఖరు. గురువారం సాయంత్రం ఏడు కావస్తుండగా ఫొటో ఒక్కటి ఎక్కితే దరఖాస్తు పూర్తవుతుంది. సరిగ్గా అప్పుడే పదిహేను నిమిషాలూ అయిపోయాయి.

"ఇంకో రెండు నిమిషాలు మాస్టారూ. ఫొటో ఎక్కుతన్నాది."

"నీకో రెండు, ఎనకాలోడికో రెండు ఇచ్చుకుంటా పోతే రూలేటైపోద్దమ్మా?"

రాజకుమారి వెనక్కి తిరిగి చూసింది. "ఎనకాల ఎవులూ నేరు కదా మాస్టారూ."

లేరని ఆయనకూ తెలుసు. అయినా రూలు ఖాళీ బెంచీకి కూడా వర్తిస్తుందని ఆయన నమ్మకం. మోడెం కట్టేసి, చీర కప్పాడు. రేపు రమ్మందామంటే శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఆ పిల్ల పొద్దున్నే గజపతినగరం వెళ్లింది. ఆఖరి రోజు రద్దీకి సైటు అర్ధరాత్రి దాకా కదల్లేదట. ఈ సంగతి దేముడమ్మ కూర్మయ్యకు చెప్పలేదు. ఆయనకు ఇడ్లీలు పెట్టడం మాత్రం మానేసింది.

ఏడాది తిరిగేసరికి నెట్టు ఆగిపోయింది. విచారిస్తే తేలిందేమిటంటే, నెలకు కనీసం అరవై గంటలు వాడని గ్రంథాలయానికి రాయితీ దండగని పైవాళ్లు రద్దు చేశారు. పూర్తి ధర పెట్టే స్తోమత జిల్లా ఆఫీసుకి లేదు. హెచ్చరించలేదా అంటే మూడుసార్లు హెచ్చరించారు, గ్రంథాలయం ఈమెయిల్‌కి. కూర్మయ్య దాన్ని ఒక్కసారీ తెరవలేదు. సర్కారు నెట్టుని ఉత్తరాలు చదువుకోవడానికి వాడటం ఆయన మనసుకి ఒప్పలేదు.

పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకోవచ్చన్నారు, అదీ ఆన్‌లైన్‌లోనే. కూర్మయ్య ఆటో ఎక్కి గజపతినగరం నెట్ సెంటరుకి వెళ్లాడు. కంప్యూటరు ముందు జీతానికి కూర్చుని ఉన్నది రాజకుమారి.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. రాజకుమారి కుర్చీ చూపించింది. కాగితాలు తీసుకుని చకచకా నింపుకుంటూ పోయింది.

"రోజుకి సగటున ఎంతసేపు వాడినారని అడుగుతన్నాది. మీ కాయితంలో పదకొండు నిమిషాలని ఉన్నాది. అదే ఎయ్యమంటారా?"

"నిజమే ఎయ్యమ్మా."

"అందులో సగం నాయే," అంది, తల ఎత్తకుండా. తరవాతి గడికి వచ్చి, "తక్కువ వాడడానికి కారణం రాయాలి. ఏటి రాయమంటారు?"

కూర్మయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. అలవాటు కొద్దీ గోడ గడియారం కేసి చూశాడు.

"తొందర నేదు మాస్టారూ. ఇక్కడ పదిహేను నిమిషాలకే కట్టీయరు."

"జాగర్తగా వాడుకున్నామని రాయమ్మా," అన్నాడు చివరికి.

ఆమె అక్షరం మార్చకుండా అలాగే కొట్టింది.

ఆ అర్జీకి జవాబు రాలేదు. ఆయన రిటైరయ్యే ముందు తనిఖీకి వచ్చిన అధికారి చీర తొలగించి కంప్యూటరుని చూసి ముచ్చటపడ్డాడు. రెండేళ్లయినా పరికరం కొత్తదానిలా ఉందనీ, ఇటువంటి సంరక్షణ తక్కిన శాఖలకు ఆదర్శమనీ రాసి ఇచ్చాడు. ఈసారి కూర్మయ్య అద్దం కట్టించలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో పాత ప్రశంసాపత్రం వెనక పెట్టి, తాళం వేశాడు. అదీ పోలేదు.