మైసమ్మకు ఇచ్చిన పొట్టేలు

మాదాపూర్‌లో గుట్టలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. పాలమూరు నుంచి వలస వచ్చి మేమిద్దరం ఒకే సైటులో పనిచేసేవాళ్ళం. మా ఆయన సెంట్రింగ్ పనికి, నేను ఇసుక మోయడానికి. ఒక ఉదయం రెండో అంతస్తులో స్లాబు కింద నిలబెట్టిన కర్రలు విరిగి, చెక్కలతో సహా ఆయన కింద పడ్డాడు. కర్రలు పుచ్చిపోయాయని అందరూ మొత్తుకుంటూనే ఉన్నారు. కాంట్రాక్టరు చెవిన పెట్టలేదు. సర్కారు దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు. రెక్కల కష్టం తప్ప మాకు వేరే ఆస్తి లేదు. అదీ సగం పోయింది.

కాంట్రాక్టరు చూడటానికి వచ్చాడు. వట్టి చేతులతో కాదు, స్టీలు డబ్బా నిండా మాంసం కూరతో! సైటు మూలన నిలిపిన మైసమ్మకు జీవాన్ని బలి ఇచ్చి, కూలీలందరికీ దావత్ చేశాడట.

"నీ పెనిమిటి చెప్పులతోని అమ్మ ముంగట తిరిగిండు, చెల్లె. అమ్మకు కోపమొచ్చింది. శాంతి చేసిన, ఇగ ఫికర్ లేదు. గీ పైసలు తీస్కొని ఊరికి పోండ్రి" అన్నాడు. ఆ చేతిలో ఉన్నది బస్సు కిరాయికి, నాలుగు రోజుల గింజలకు మించి రాదు.

నా ఒళ్ళు భగ్గుమంది. పుచ్చిన కర్రలు పెట్టింది వీడు, తప్పు నా మొగుడి చెప్పులదా! డబ్బా తీసుకెళ్ళి గేటు ముందు కుక్కలకు గుమ్మరించాను. వాడు మళ్ళీ వస్తే కళ్ళలో కొట్టాలని కారం పొట్లం కొంగున ముడేసుకున్నాను. కొట్టేదాన్నే, ఒట్టు. వార్డు ఊడ్చే ఆయమ్మ పసిగట్టి ఆపింది.

"నువ్వు జైలుకు పోతవు, వాడు కళ్ళు కడుక్కొని ఇంటికి పోతడు. జర బుద్ధితోని ఉండు, పిల్లా. వాని పైసలు ముట్టకు, ఏ కాయితం మీద వేలు ముద్ర ఎయ్యకు. వకీలు తానికి పో" అంది.

వకీలు కోస్తా మనిషి. నేను ఏడుస్తూ చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోతున్నాడనుకుని ఆయన మీదా మండిపడ్డాను. ఆయన నవ్వాడు. "కోపమంతా నాకు అప్పజెప్పేయండమ్మా. పనిలో దెబ్బ తగిలితే పరిహారం మీ హక్కండి. ఆయన దయతో పనిలేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి, మాంసం కూరతో సహా" అన్నాడు. ఆ తర్వాత డాక్టర్ల చేత కాలు పోయిందని రాయించడం, లేబర్ ఆఫీసులో కేసు వేయడం అన్నీ ఆయనే చూసుకున్నాడు. నాకు చేతనైంది తిట్టడం ఒక్కటే.

విచారణ రోజు కాంట్రాక్టరు ఇస్త్రీ బట్టలతో వచ్చి, "గీ మనిషి మొకం గూడ నాకు ఎర్కలేదు సార్. నా తాన పనే చెయ్యలే" అన్నాడు. సిగ్గూ శరం లేకుండా! మా తోటి కూలీ ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. వస్తే పని పోతుంది, పాపం, వాళ్ళనేమంటాం? మనసులో మాత్రం వాడికి అప్పుడే పాడె కట్టేశాను.

మా వకీలు మెల్లగా లేచాడు. "మీరు మహా భక్తులని విన్నానండి."

కాంట్రాక్టరు పొంగిపోయాడు. "ఏ సైటుకు పోయినా ముందుగాల మైసమ్మనే నిలుపుత సార్."

"మాదాపూర్ సైటులో, బోనాలు కాని రోజుల్లో, అమ్మవారికి కోడిని కోశారట?"

"కోడా! పొట్టేలును ఇచ్చిన సార్! గంత పెద్ద ఆపదకు కోడి సాల్తదా?"

"ఏం ఆపదండీ?"

లేబర్ అధికారి తలెత్తి చూశాడు. కాంట్రాక్టరు మనుషుల ముందు ఎన్ని బొంకులైనా బొంకగలడు గానీ, మైసమ్మ పేరెత్తాక బొంకే ధైర్యం వాడికి లేదు.

"మనిషి పడ్డడు" అన్నాడు.

"ఏ మనిషి?"

వాడి వేలు మా ఆయన వైపు లేచింది. నాకు ఈల వేయాలనిపించింది!

తీర్పు మా వైపే వచ్చింది. ఆ సొమ్ముతో గోపన్‌పల్లిలో చిన్న కిరాణా దుకాణం పెట్టి, ఆయన కూర్చుని చేసుకునే బతుకు ఏర్పాటు చేసుకున్నాం. దెబ్బ తగిలినవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఏడిస్తే ఇప్పటికీ ఒకటే అంటాను: ముందు వకీలు, తర్వాత ఏడుపు.

కానీ నాకు అంతకన్నా తీపి జ్ఞాపకం ఇంకొకటుంది. తీర్పు తర్వాత మేమిద్దరం వకీలు గదిలో బల్ల మీద కూర్చుని ఉండగా కాంట్రాక్టరు వచ్చాడు, పరిహారం కొంచెం తగ్గించమని. "మొత్తం ఆఫీసులో కట్టాకే మాటలండి" అని వకీలు తన పనిలో మునిగిపోయాడు. వాడు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మా బల్ల మీద ఒక మనిషికి చోటుంది. మా ఆయనది మెత్తని మనసు. చంకకర్ర పక్కకు జరిపి, "ఎంతసేపని నిలవడ్తడు, కూసోమనరాదే" అని గుసగుసలాడాడు.

ఆ కర్రను తీసి ఖాళీ చోటులో అడ్డంగా పెట్టాను.

"నిలవడనీ. ఆయనకు రెండు కాళ్ళున్నయి" అన్నాను.